మన పాటకు స్వరాలు రాసిన ఐరిష్ స్త్రీ: మార్గరెట్ కజిన్స్

ప్రతి జనవరి 26న, ఆగస్టు 15న మన చర్చి ఆవరణల్లో జెండా ఎగురుతుంది. సండే స్కూల్ పిల్లలు వరుసల్లో నిలబడతారు. సంఘ కాపరి ప్రార్థన చేస్తారు. పిల్లలకు మిఠాయిలు పంచుతారు. అందరం కలిసి జనగణమన పాడతాం. ఆ జెండా కథ మన కృష్ణా జిల్లా వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు 1921లో ఇదే బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లో తన జెండా నమూనాను గాంధీజీకి చూపించారని మన పిల్లలు పాఠాల్లోనే చదువుకుంటారు.

పాట కథ మాత్రం మనలో చాలామందికి తెలియదు. పాట రాసినవారు రవీంద్రనాథ ఠాగూర్ అని తెలుసు. అయితే ఆ పాటను ఆయన నోట విని, పియానో మీద వాయించుకునేలా స్వరాల్లో కాగితం మీద పెట్టినది ఒక ఐరిష్ స్త్రీ అనీ, అది జరిగింది మన తెలుగు ఊరు మదనపల్లెలో అనీ ఎంతమందికి తెలుసు? ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. ఈ వారం ఆమె జీవితాన్ని మా పాఠకుల ముందు పెడుతున్నాం.

ముందే ఒక మాట చెప్పాలి. ఆమె మెథడిస్టు ఇంట పుట్టి, మెథడిస్టు చర్చిలో పెళ్ళి చేసుకుని, తర్వాత ఆ విశ్వాసాన్ని విడిచి దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. అటువంటి స్త్రీ గురించి క్రైస్తవ పత్రికలో రాయడమేమిటని కొందరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. దాన్ని తప్పించుకోకుండా ఈ వ్యాసం చివర జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాం.

కరువు చూసిన దేశంలో

మార్గరెట్ ఎలిజబెత్ గిలెస్పీ 1878 నవంబరు 7న ఐర్లాండు పడమటి భాగంలో, రాస్‌కామన్ జిల్లాలోని బాయిల్ అనే చిన్న పట్నంలో పుట్టింది. చాలామంది పిల్లలున్న ప్రొటెస్టెంటు కుటుంబం. అందరిలో పెద్దది ఆమే. ఇంటికి పెద్దకూతురు అయిన ఆడపిల్లకు బాల్యం తొందరగా ముగుస్తుందని మన ఇళ్ళలోనూ తెలిసిన సంగతే. చంటిపిల్లల్ని ఎత్తుకోవడం, తల్లికి చేదోడుగా ఉండడం ఆమె వంతు.

ఆనాటి ఐర్లాండు మన దేశంలాగే ఇంగ్లండు పాలన కింద ఉంది. ఆమె పుట్టడానికి ముప్ఫై ఏళ్ళ ముందు, 1845 నుంచి 1849 వరకు, బంగాళాదుంప పంట కుళ్ళిపోయి అక్కడ మహా కరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఇంచుమించు అంతమందే ఓడలెక్కి అమెరికాకు, ఇతర దేశాలకు పోయారు. డొక్కల కరువు కథలు పెద్దల నోట విన్న గుంటూరు, కృష్ణా వాళ్ళకు ఆ కరువు ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. కరువు పోయాక కూడా ఐరిష్ వాళ్ళ వలస ఆగలేదు. బ్రతుకుతెరువు కోసం యువతీయువకులు అమెరికాకు పోతూనే ఉన్నారు. మార్గరెట్ మాత్రం ఒకనాడు తూర్పు వైపు ప్రయాణమై మన దగ్గరకు వచ్చింది.

ఆమెకు సంగీతం మీద ప్రాణం. డెర్రీ పట్నంలోని బాలికల హైస్కూల్లో చదివి, డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో శిక్షణ పొంది, 1902లో సంగీతంలో డిగ్రీ తీసుకుంది. ఆడపిల్లకు డిగ్రీ అంటే ఆ దేశంలోనూ అరుదైన రోజులవి.

ఇద్దరి పెళ్ళి

డబ్లిన్‌లోనే ఆమెకు జేమ్స్ కజిన్స్ పరిచయమయ్యాడు. అతడు బెల్ఫాస్టులో మెథడిస్టు కుటుంబంలో పుట్టాడు. కవి, నాటక రచయిత. యేట్స్ వంటి కవులు ఐరిష్ సాహిత్యాన్ని కొత్తగా నిలబెడుతున్న కాలంలో వాళ్ళ మధ్య తిరిగినవాడు. పొట్టకూటికి ఒక హైస్కూల్లో పాఠాలు చెప్పేవాడు. చేతిలో డబ్బు తక్కువ, తలనిండా ఆలోచనలు ఎక్కువ. 1903లో ఇద్దరికీ పెళ్ళయింది.

ఆ పెళ్ళి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. వారికి పిల్లలు కలగలేదు. ఆస్తి కూడలేదు. ఒక ఊళ్ళో స్థిరంగా ఉన్నది తక్కువ. అయినా సగం శతాబ్దం పాటు ఇద్దరూ ఒకరి పనిని ఒకరు తమ పనిగా చూసుకున్నారు. ఆమె జైలుకు వెళితే భర్త పరువు పోయిందనుకోలేదు. అతని ఉద్యోగం పోతే భార్య సణుగుకోలేదు. మాంసం మానేయాలని నిశ్చయించుకున్నది కూడా ఇద్దరూ కలిసే. ముసలితనంలో, 1950లో, తమ జీవితకథను ఇద్దరూ ఒకే పుస్తకంగా రాశారు. తాము ఇద్దరం కలిసి అన్న అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. ఒక అధ్యాయం ఆమె గొంతు, ఇంకో అధ్యాయం అతని గొంతు. పెళ్ళి ప్రసంగాల్లో ఇద్దరు ఏక శరీరమగుదురని మనం వింటూనే ఉంటాం. అయితే ఆ ఏక శరీరానికి నోరు మాత్రం ఒక్కటే, అది మగవాడిదే అన్నట్టు చాలా ఇళ్ళలో నడుస్తుంది. కజిన్స్ దంపతుల ఇంట అలా నడవలేదు.

ఓటు కోసం కిటికీలు

1906లో మాంచెస్టరులో జరిగిన స్త్రీల సభకు వెళ్ళిన తర్వాత మార్గరెట్ దారి మారింది. ఆడవాళ్ళకు ఓటు లేని పార్లమెంటు ఆడవాళ్ళ కోసం చట్టాలు చేయడం అన్యాయమని ఆమెకు గట్టిగా అనిపించింది. 1908లో స్నేహితురాలు హనా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ స్త్రీల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించింది. ఇద్దరి భర్తలూ ఆ పనిలో తోడు నిలిచారు.

1910లో లండన్‌లో ప్రధానమంత్రి ఇంటి కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు ఆమెకు నెల రోజుల జైలు పడింది. 1913 జనవరిలో డబ్లిన్ కోట కిటికీలు పగలగొట్టింది. ఐర్లాండుకు స్వపరిపాలన ఇచ్చే బిల్లులో స్త్రీలకు ఓటు ఇవ్వకపోవడమే ఆ కోపానికి కారణం. మళ్ళీ నెల రోజుల జైలు. టల్లమూర్ జైల్లో తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని నిరాహార దీక్ష చేసింది.

కిటికీలు పగలగొట్టడం సరైన పద్ధతా అని మా పాఠకులు అడిగితే, మేము దాన్ని మెచ్చుకోవడం లేదు. ఒక్క సంగతి గమనించమంటున్నాం. సంగీతం చదువుకున్న, మెత్తని మనసున్న, ఆదివారం చర్చికి వెళ్ళే ఇంట్లో పెరిగిన అమ్మాయి చేతికి రాయి ఎందుకు వచ్చింది? ఏళ్ళ తరబడి మర్యాదగా రాసిన అర్జీలు ఎవరూ చదవకపోతే వచ్చింది. మర్యాదగా అడిగినప్పుడు వినని పెద్దలకు ఆ తర్వాత పగిలిన అద్దాల గురించి ఫిర్యాదు చేసే హక్కు ఎంతవరకు ఉంటుందో ఆలోచించాలి.

యుద్ధంలో ప్రయాణం

1913లో దంపతులు డబ్లిన్ విడిచి లివర్‌పూల్ చేరారు. మరుసటి ఏడు మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఐరోపాలో మొదలైన మంట మన తీరాన్నీ తాకింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుండ్లు కురిపించింది. కోస్తా అంతటా జనం భయపడ్డారు. 1915 మే నెలలో ఐర్లాండు తీరానికి దగ్గరలోనే లుసిటానియా అనే ప్రయాణికుల ఓడను జలాంతర్గామి ముంచివేసింది.

అదే ఏడాది, అటువంటి సముద్రం మీద, మార్గరెట్, జేమ్స్ ఇండియాకు ప్రయాణమయ్యారు. అనీబిసెంటు జేమ్స్‌ను తన న్యూ ఇండియా పత్రికలో సాహిత్య విభాగం చూడమని పిలిచింది. బిసెంటుకూ ఐరిష్ మూలాలున్నాయి. దివ్యజ్ఞాన సమాజం మీద ఉన్న మక్కువ, బిసెంటు పిలుపు ఇద్దర్నీ మద్రాసుకు చేర్చాయి.

వచ్చి ఏడాది తిరగకముందే దెబ్బ తగిలింది. 1916 ఈస్టరు వారంలో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు లేచింది. సైన్యం దాన్ని అణచివేసింది, నాయకులను కాల్చి చంపారు. మార్గరెట్ స్నేహితురాలు హనా భర్త ఫ్రాన్సిస్ ఆయుధం పట్టనివాడు. యుద్ధమే వద్దనేవాడు. ఆ గొడవలో దుకాణాల దోపిడీని ఆపాలని వీధిలోకి వెళ్ళాడు. ఒక సైనికాధికారి అతణ్ణి పట్టించి, విచారణ లేకుండా ఏప్రిల్ 26న కాల్చి చంపించాడు. నలుగురూ కలిసి ఉద్యమం నడిపినవారు. వారిలో ఒకరు గోడకు ఆనించి కాల్చబడ్డారు. మిగిలినవారిలో ఇద్దరు సముద్రాల అవతల మద్రాసులో ఉన్నారు.

జేమ్స్ ఊరుకోలేకపోయాడు. తిరుగుబాటు నాయకులను మెచ్చుకుంటూ న్యూ ఇండియాలో వ్యాసం రాశాడు. యుద్ధకాలపు ప్రభుత్వం అప్పటికే ప్రెస్ చట్టంతో పత్రికల గొంతు పట్టుకుని ఉంది. పత్రికను కాపాడుకోవాలంటే బిసెంటు అతణ్ణి పంపించక తప్పలేదు. పరాయి దేశం, చేతిలో ఉద్యోగం లేదు, స్వదేశంలో చావు కబురు. అటువంటి సమయంలో వారికి చోటు దొరికింది మదనపల్లెలో.

మదనపల్లె రోజులు

చుట్టూ కొండలు, చల్లని గాలి ఉన్న రాయలసీమ ఊరు మదనపల్లె. బిసెంటు స్థాపించిన కాలేజీ అక్కడ ఉంది. ఊరికి కొద్ది దూరంలోనే, ఆ రోజుల్లోనే, క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానిటోరియం నడపడం మొదలుపెట్టాయి. ఒకే ఊళ్ళో ఒక పక్క మిషనరీ డాక్టర్లు ఊపిరితిత్తుల జబ్బుతో పోరాడుతున్నారు, ఇంకో పక్క దివ్యజ్ఞానులు కాలేజీ నడుపుతున్నారు. దారులు వేరు. రెండు చోట్లా వచ్చినవాళ్ళు ఊరి బాగు కోరి వచ్చినవాళ్ళే.

జేమ్స్ ఆ కాలేజీలో ఉపాధ్యాయుడై, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యాడు. మార్గరెట్ ఇంగ్లీషు చెప్పేది. ఖాళీ ఉన్నప్పుడు ఊరి ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళతో కూర్చునేది. అక్కడ అబలా అభివర్ధినీ సమాజం పేరుతో ఒక స్త్రీల సంఘం ఏర్పడింది. చదువు, కుట్టుపని, కబుర్లు. ఆ సంఘం పేరులో అబల అన్న మాట ఉంది గానీ, లండన్ జైలు చూసి వచ్చిన ఆ ఐరిష్ స్త్రీకి ఆడవాళ్ళలో అబల ఎక్కడా కనిపించలేదు.

1917 మే 8న అడయారులో భారత స్త్రీల సంఘం పుట్టింది. అనీబిసెంటు అధ్యక్షురాలు. మార్గరెట్, డొరోతీ జినరాజదాస దాన్ని నడిపించారు. ఊరూరా శాఖలు, స్త్రీధర్మ అనే పత్రిక. జూన్‌లో ప్రభుత్వం బిసెంటును నిర్బంధించినప్పుడు ఆమె విడుదల కోసం స్త్రీలు బయటికి వచ్చి అడగడం మన దేశంలో కొత్త దృశ్యం.

ఆ ఏడు చివర ఇండియా మంత్రి మాంటేగు మద్రాసు వచ్చాడు. రాబోయే పాలనా సంస్కరణల గురించి అభిప్రాయాలు వింటున్నాడు. స్త్రీల చదువు గురించి మాట్లాడతామని మార్గరెట్ సమయం అడిగింది. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబు వచ్చింది. అలాగైతే రాజకీయమే అడుగుదామని ఆమె నిశ్చయించుకుంది. మగవాళ్ళకు ఏ షరతులతో ఓటు ఇస్తారో అవే షరతులతో స్త్రీలకూ ఇవ్వాలని విన్నపం తయారైంది. 1917 డిసెంబరు 18న హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు ముందు నడవగా స్త్రీల బృందం మాంటేగును కలిసింది. భారత స్త్రీలు ఓటు అడిగిన మొదటి రోజు అది.

ఆ పాట

యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. పది లక్షలకు పైగా మన సైనికులు, కూలీలు సముద్రాలు దాటి వెళ్ళిన యుద్ధం అది. దాని వెనకే ఇన్‌ఫ్లుయెంజా వచ్చి దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. పాడెలు మోసి మోసి ఊళ్ళు అలసిపోయిన కాలంలో, 1919 ఫిబ్రవరి చివర, దక్షిణాది పర్యటనలో ఉన్న ఠాగూర్ విశ్రాంతి కోసం మదనపల్లె కాలేజీకి వచ్చి కొద్ది రోజులున్నారు.

ఒక సాయంత్రం విద్యార్థుల పాటల కార్యక్రమంలో ఆయనను కూడా పాడమన్నారు. ఆయన జనగణమన పాడారు. అది అప్పటికే 1911లో కలకత్తా కాంగ్రెసులో పాడిన పాటే. అయితే కలకత్తా సభకూ మదనపల్లె హాలుకూ తేడా ఉంది. ఇక్కడ విన్నవాళ్ళు బెంగాలీ రాని తెలుగు పిల్లలు. పల్లవి రాగానే వాళ్ళు గొంతు కలిపారు. మార్గరెట్ ఆ రాగాన్ని ఠాగూర్ దగ్గరే సరిచూసుకుని పడమటి పద్ధతిలో స్వరలిపి రాసింది. ఫిబ్రవరి 28న ఆయన అక్కడే దానికి ఇంగ్లీషు అనువాదం చేశారు. కాలేజీ ఆ పాటను తన ప్రార్థనగా పెట్టుకుంది. 1950 జనవరి 24న అది దేశానికే జాతీయ గీతమైంది.

రాగం ఠాగూర్‌దే. దాన్ని మార్గరెట్ సొంతమని చెప్పడం సరికాదు. విన్న పాటను పోనివ్వకుండా కాగితం మీద నిలబెట్టడం ఆమె చేసిన పని. మన చర్చి క్వయర్లలో పాడేవారికి ఆ పని విలువ తెలుసు. నోటి నుంచి నోటికి పోతూ ఊరూరా మారిపోయే పాట స్వరాల్లో పడితే, ఎక్కడివాళ్ళయినా దాన్ని ఒకేలా పాడగలుగుతారు.

ఓటు వచ్చింది, ఎవరికి?

1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు హక్కు ఇస్తూ తీర్మానించింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో ఆ పని మొదట చేసింది మద్రాసే. మన కృష్ణా, గోదావరి జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. ఇంగ్లండులో ముప్ఫై దాటిన స్త్రీలకు ఓటు వచ్చి అప్పటికి మూడేళ్ళే.

1922లో మార్గరెట్ దేశంలో మొదటి స్త్రీ మేజిస్ట్రేటు అయింది. కిటికీ పగలగొట్టి బోనులో నిలబడిన మనిషి న్యాయం చెప్పే కుర్చీలో కూర్చుంది. ఖర్జూర చెట్టు కింద తీర్పు తీర్చిన దెబోరాను ఎరిగిన మనకు ఇది వింతగా తోచకూడదు. 1926లో స్త్రీలు శాసనసభకు పోటీ చేసే వీలు రాగానే, కమలాదేవి చట్టోపాధ్యాయను నిలబడమని ప్రోత్సహించి ఆమె కోసం తిరిగింది. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి నామినేషన్ మీద సభలో అడుగుపెట్టి, దేవదాసీ వ్యవస్థ మీద పోరాటం మొదలుపెట్టింది. 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదటి సమావేశం మార్గరెట్ చొరవతోనే జరిగింది. బాల్యవివాహాలను అడ్డుకునే 1929 నాటి శారదా చట్టం వెనక ఆ సభ బలంగా నిలిచింది. ఢిల్లీలోని లేడీ ఇర్విన్ కాలేజీ ఆ సభ పెట్టినదే.

ఇక్కడ మేము ఒక మాట దాచకుండా చెప్పాలి. 1921లో వచ్చిన ఓటు ఆస్తి, పన్ను ఉన్నవారికే. మన డెల్టాలో పరాయి చేలో నాట్లు వేసే తల్లికి, పాలెంలో కాపురమున్న మన సంఘాల నాయనమ్మలకు అది రాలేదు. మహిళా సభల వేదికల మీద కూర్చున్నవారు ఎక్కువమంది చదువుకున్న, ఉన్నత కుటుంబాల స్త్రీలు. మాల మాదిగ ఆడపిల్లలకు ఆ రోజుల్లో అక్షరాలు నేర్పినది చాలా చోట్ల మిషన్ బడులు, బైబిలు స్త్రీలు. మన ఇళ్ళ స్త్రీలకు ఓటు నిజంగా చేతికొచ్చింది రాజ్యాంగం వయోజనులందరికీ ఓటు ఇచ్చాక, 1951-52 ఎన్నికల్లో. మార్గరెట్ తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి అందరూ లోపలికి రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళూ, అంబేడ్కర్ గారి చెయ్యీ కావలసి వచ్చాయి. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకోటి మింగేస్తే చరిత్ర కాదు.

వెల్లూరు జైలు, ఆ తర్వాత

1932లో సత్యాగ్రహాన్ని అణచడానికి ప్రభుత్వం అత్యవసర చట్టాలు తెచ్చింది. మాట్లాడే స్వేచ్ఛ మీద ఆ దెబ్బను సహించలేక మార్గరెట్ మద్రాసులో బహిరంగంగా నిరసన తెలిపింది. ఇకపై బుద్ధిగా ఉంటానని పూచీ రాసిస్తే వదిలేస్తామన్నారు. ఆమె రాయలేదు. ఏడాది శిక్ష వేసి వెల్లూరు ఆడవాళ్ళ జైలుకు పంపారు. ఐర్లాండు, ఇంగ్లండు, ఇండియా, ఈ మూడు దేశాల జైళ్ళూ చూసిన స్త్రీ ఆమె. అప్పటికి ఆమెకు యాభై నాలుగేళ్ళు. 1933లో విడుదలైంది. 1936లో అఖిల భారత మహిళా సభకు అధ్యక్షురాలైంది. జేమ్స్ మళ్ళీ మదనపల్లె కాలేజీ ప్రిన్సిపాల్‌గా వెళ్ళాడు. తర్వాతి కాలంలో అతడు హిందూ మతం తీసుకుని జయరామ్ అని పేరు పెట్టుకున్నాడు.

1940ల్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. వాయిద్యం మీద ఆడిన వేళ్ళు, వేల ఉత్తరాలు రాసిన చేయి లొంగిపోయాయి. కూడబెట్టినది ఏమీ లేదు. మద్రాసు ప్రభుత్వం, తర్వాత నెహ్రూ, ఆమె సేవను గుర్తుంచుకుని ఆర్థిక సహాయం చేశారు. జేమ్స్ పక్కనే ఉన్నాడు. ఆ మంచం పక్క కాలంలోనే వారిద్దరి జీవితకథ పుస్తకంగా వచ్చింది. యౌవనంలో ప్రేమ అందరికీ వస్తుంది. కాలూ చేయీ కదలని భార్య దగ్గర ఏళ్ళ తరబడి కూర్చోవడం దగ్గరే పెళ్ళి ప్రమాణానికి పరీక్ష జరుగుతుంది. మన సంఘాల్లో అటువంటి పరీక్షలో ఈ రోజు కూడా నిలబడి ఉన్న భర్తలూ భార్యలూ ఉన్నారు. వారిని మేము ఎరుగుదుము. ఈ మాట వారి కోసం కూడా రాస్తున్నాం.

1954 మార్చి 11న మార్గరెట్ కన్నుమూసింది. రెండేళ్ళ తర్వాత, 1956 ఫిబ్రవరిలో, జేమ్స్ మదనపల్లెలో చనిపోయాడు. ఆమె తిరిగి ఐర్లాండు వెళ్ళి స్థిరపడలేదు. రూతు నయోమి వెంట వచ్చి బేత్లెహేము పొలాల్లో ఉండిపోయినట్టు, ఈ స్త్రీ మన మధ్యనే ఉండిపోయింది.

మనకు మిగిలిన ప్రశ్న

ఇప్పుడు మొదట వదిలిన ప్రశ్న దగ్గరకు వద్దాం. ఆమె నమ్మినవి చాలా మేము నమ్మం. ఆత్మలతో మాట్లాడే గోష్ఠులు, జాతకాలు, దివ్యజ్ఞాన సమాజపు సిద్ధాంతాలు మనకు పరాయివి. ఆ విషయంలో మా మాటలో సందిగ్ధం లేదు. క్రీస్తులో ఉన్న వెలుగు చాలదని ఆమె అనుకుని ఉంటే, అది ఆమె పొరపాటని మా విశ్వాసం.

అయితే అక్కడితో లేచి చేతులు కడుక్కోవడం మాకు తేలిక కాదు. ఆదివారం ఆరాధనలో పెరిగిన అమ్మాయి న్యాయం కోసం ఆకలిగొంది. ఆ ఆకలి తీరే చోటు తన సంఘంలో ఉందని ఆమెకు ఎందుకు తోచలేదు? ఆమె మనసులో ఏముందో తీర్పు తీర్చడం మన పని కాదు. మన సంఘాల్లో ఈ రోజు అటువంటి అమ్మాయి ఉంటే ఆమెకు ఏం కనిపిస్తుందో చూసుకోవడం మాత్రం మన పనే.

ఆమెకు మంచివి కనిపిస్తాయి. 2013లో మన రాయలసీమలోనే, నంద్యాల డయాసిస్‌కు, దక్షిణ ఇండియా సంఘపు మొదటి స్త్రీ బిషప్పుగా పుష్పలలిత గారు అభిషేకం పొందారు. పాస్టరమ్మలు, బైబిలు స్త్రీలు, స్త్రీల మైత్రి సభ్యులు, ఉపవాస ప్రార్థనల్లో రాత్రంతా మోకరించే తల్లులు కనిపిస్తారు. ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఆదివారం పందిరిలో సగానికి పైన చీరలే ఉంటాయి. కమిటీ సమావేశంలో బల్ల చుట్టూ చొక్కాలే ఎక్కువ ఉంటాయి. కానుకల సంచిలో పడే రూపాయి ఆమె దాచినది. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో చెప్పేది మాత్రం ఎక్కువ చోట్ల ఆమె కాదు. ఇంట్లో దెబ్బలు తిన్న చెల్లెలు కాపరి దగ్గరకు వస్తే, ప్రార్థన చేసి సర్దుకుపొమ్మని పంపించే సంఘాలు ఇంకా లేవని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా?

మర్యాదగా అడిగే గొంతులు మన మధ్య ఉన్నాయి. వాళ్ళు కిటికీల దగ్గరకు రాకముందే, గుమ్మం దాటి వెళ్ళిపోకముందే వినడం మన చేతిలో ఉంది. ఈ ఏడు పాస్టరేటు కమిటీ ఎన్నికలు జరిగే సంఘాలు ఆ సంగతి తలచుకోవాలని కోరుతున్నాం. స్త్రీలకు పేరుకు ఒక కుర్చీ వేసి ఊరుకోకండి. లెక్కల పుస్తకం కూడా వారి ముందు పెట్టండి. భర్తలైనవారు జేమ్స్ కజిన్స్‌ను తలచుకోండి. భార్యకు పిలుపు వచ్చినప్పుడు అతడు గుమ్మానికి అడ్డం నిలబడలేదు.

వచ్చే జెండా పండుగనాడు మన చర్చి ఆవరణలో పిల్లలు వరుసల్లో నిలబడినప్పుడు, వెంకయ్య గారి పేరుతో పాటు ఈ పేరు కూడా ఒకసారి చెప్పండి. యుద్ధం నడుస్తుండగా సముద్రం దాటి వచ్చి, తెలుగు పిల్లల మధ్య కూర్చుని, విన్న పాటను పోకుండా రాసిపెట్టిన ఒక పరదేశి స్త్రీ ఉండేదని చెప్పండి. పరదేశిని ప్రేమించమన్న ఆజ్ఞ మనకు ఉంది. మనల్ని ప్రేమించిన పరదేశిని గుర్తుంచుకోవడం కూడా ఆ ఆజ్ఞలో భాగమేనని మేము నమ్ముతున్నాం.